ఖాళీ ఫైలు ఎవరి తప్పు?

ఈ సంవత్సరం మన కళాశాల వ్యాసరచన పోటీకి ఒక విద్యార్థిని తన వ్యాసాన్ని పెన్‌డ్రైవులో తెచ్చి ఇచ్చింది. అమ్మమ్మ నోట విన్న సామెతలను గూర్చి మూడు సాయంకాలాలు కంప్యూటరు ప్రయోగశాలలో కూర్చుండి టైపు చేసిన వ్యాసమది. పరిశీలకులు తెరచి చూడగా ఫైలు పేరు ఉన్నది, పరిమాణం మాత్రం సున్న. ఖాళీ ఫైలు సమర్పించిందన్న కారణంతో ఆమె ప్రవేశం తిరస్కరింపబడింది. సేవ్ చేశానని ఆ అమ్మాయి ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను. ఎందుకు నమ్మానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తెలుగు సాహిత్యం చదివి ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నవాడికి కంప్యూటరు లోగుట్టుతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చును. కాని ఖాళీ, జాగా, కబ్జా, దఖలు అన్న మాటలన్నీ ఉర్దూ ద్వారా మన తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. ఒక జాగా మన పేర రాయబడుట వేరు, అది మనకు దఖలు పడుట వేరు అని పల్లెలో చదువురాని రైతుకు కూడా తెలుసు. ఫైలు విషయంలో జరిగినదీ సరిగా ఇదే.

పెన్‌డ్రైవులలో ఎక్కువగా కనిపించేది ఫ్యాట్ కుటుంబానికి చెందిన ఫైలు వ్యవస్థ. మైక్రోసాఫ్ట్ సంస్థలో 1977 ప్రాంతంలో పుట్టిన ఈ పద్ధతి పేరుకు 'ఫైలు కేటాయింపు పట్టిక' అని అర్థం. డ్రైవులోని స్థలమంతా సమానమైన ఖండాలుగా విభజింపబడి ఉంటుంది. ఒక్కొక్క ఖండాన్ని క్లస్టరు అంటారు. ఫైలు పేరు రాసి ఉన్న చోట దాని మొదటి క్లస్టరు సంఖ్య, ఫైలు పరిమాణం ఉంటాయి. ఆ తరువాతి క్లస్టరు ఏదో పట్టికను చూచి తెలుసుకోవాలి. దాని తరువాతిదీ అంతే. గొలుసు చివర సమాప్తి గుర్తు. పట్టికలో సున్న ఉన్నదంటే ఆ క్లస్టరు ఎవరికీ కేటాయింపబడలేదన్నమాట. కనుక ఒక వ్యాసం నిజంగా భద్రపడాలంటే పేరున్న చోట, పట్టికలో, అక్షరాలు ఉండవలసిన క్లస్టర్లలో, ఇన్ని చోట్ల రాత పడాలి.

మన ప్రయోగశాలలోని లినక్స్ యంత్రం ఈ రాతలన్నింటిని మొదట తన తాత్కాలిక జ్ఞాపకంలోనే రాసుకొని, వీలు చూచుకొని డ్రైవుకు చేరవేస్తుంది. తెరమీద 'సేవ్ అయింది' అన్న భావం కలిగేది మొదటి ఘట్టంలోనే. బస్సు వేళ అవుతున్నదని ఆ అమ్మాయి వెంటనే డ్రైవు లాగేసింది. పేరు డ్రైవుకు చేరింది. క్లస్టరు సంఖ్య, పరిమాణం, అమ్మమ్మ సామెతలు చేరలేదు.

ఇది పెన్‌డ్రైవుకు మాత్రమే పట్టిన రోగం కాదు. 2008 డిసెంబరులో లినక్స్‌లో స్థిరపడిన ఎక్స్‌ట్4 అనే ఫైలు వ్యవస్థ ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులో రాయమన్న వెంటనే జాగా ఎంపిక కూడా జరుగదు. పెళ్లి విందుకు ఎందరు వస్తారో లెక్క వేసుకొని, ఎవరిని ఏ బంతిలో కూర్చోబెట్టాలో వడ్డన వేళ నిర్ణయించినట్లు, ఇన్ని బ్లాకులు కావాలని లెక్క మాత్రం పెట్టుకొని, ఏ బ్లాకులన్నది చివరి క్షణంలో తేలుస్తుంది. ఇందులో తెలివి లేకపోలేదు. ఫైలు మొత్తం ఎంతో తెలిసిన తరువాత చోటు వెదికితే పక్కపక్కన ఉన్న బ్లాకులు దొరుకుతాయి. తిరిగే డిస్కులో ముల్లు అటూ ఇటూ పరుగెత్తే శ్రమ తగ్గుతుంది. పుట్టిన క్షణానికే చెరిపివేయబడే తాత్కాలిక ఫైళ్లకు చోటే అక్కరలేకపోతుంది.

(ప్రసంగవశాత్తు ఒక ముచ్చట. యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరం 2 బైట్లు, తెలుగు అక్షరం గాని గుణింతపు గుర్తు గాని 3 బైట్లు తీసుకుంటాయి. మన సంచికలోని రెండు విభాగాల వారు దీనిపై తగవు పడనక్కరలేదు. సాధారణంగా ఎక్స్‌ట్4లో బ్లాకు పరిమాణం 4096 బైట్లు. ఒక్క అక్షరం రాసినా ఒక బ్లాకు పోయినట్లే.)

అయితే 2009 తొలి నెలల్లో ఈ జాప్యం పెద్ద వివాదమైంది. అంతకు ముందున్న ఎక్స్‌ట్3 సాధారణంగా 5 సెకన్లకొకసారి రాతలను డిస్కుకు చేర్చేది. కొత్త దానిలో అర నిమిషం, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పట్టేది. ఆ వ్యవధిలో యంత్రం ఆగిపోతే పాత ఫైలు తుడిచిపెట్టుకు పోయి కొత్తది సున్న పరిమాణంతో మిగిలిన సందర్భాలు బయటపడ్డాయి. ఎక్స్‌ట్4 నిర్మాతలలో ముఖ్యుడైన థియోడోర్ త్సో, భద్రత కావలసిన ప్రోగ్రాము 'ఎఫ్‌సింక్' అన్న ఆజ్ఞ ఇచ్చి తీరాలని, ప్రమాణ గ్రంథాలు చెప్పేది అదేనని వాదించాడు. వాడుకదారులు మాత్రం ఇన్నేళ్లుగా నడచిన అలవాటును వ్యవస్థ మన్నించాలన్నారు. చివరకు ఆయనే పట్టు సడలించి, పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టే సందర్భాలలో వెంటనే బ్లాకులు కేటాయించేటట్లు సవరణలు చేశాడు.

నా దృష్టిలో శాస్త్రం త్సో పక్షాన, న్యాయం వాడుకదారుల పక్షాన ఉన్నాయి. వేగం కోసం పని వాయిదా వేయడం దోషం కాదు. వాయిదా వేసిన సంగతి చెప్పకుండా పూర్తయిందనిపించడం దోషం. పోస్టాఫీసు గుమాస్తా మనియార్డరు పుచ్చుకొని, సొమ్ము అందిందని అప్పుడే మనకు చెబితే ఒప్పుకుంటామా?

మన పాఠ్యక్రమం కూడా నిర్దోషి కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ పత్రంలో వరుస కేటాయింపు, గొలుసు కేటాయింపు, సూచిక కేటాయింపు అని మూడు పద్ధతులు వల్లె వేయించి మార్కులు ఇస్తున్నాము. ఆ గొలుసు పద్ధతే తన జేబులోని డ్రైవులో ఉన్నదని, అది తెగితే తన శ్రమ గంగలో కలుస్తుందని చెప్పిన వారెవరు? ఆ పత్రం చదువని బి.ఏ. విద్యార్థులకైతే ఆపాటి ఆధారమూ లేదు. డ్రైవు తీసే ముందు 'సురక్షితంగా తొలగించు' నొక్కవలెనన్న ఒక్క మాట ఉర్దూలోను, తెలుగులోను రాసి ప్రతి యంత్రం ముందు అతికించుటకు ఎంత ఖర్చవుతుంది?

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒకటే. ఆ విద్యార్థిని ఖాళీ ఫైలు ఇవ్వలేదు. ఆమె రాసినది మన యంత్రంలో నిలిచిపోయింది, ఆ రాత్రి యంత్రం ఆపివేయగానే పోయింది. ఆమె జ్ఞాపకం మీద సగం వ్యాసం తిరిగి రాసుకున్నది. మిగిలిన సగానికి వారం రోజుల గడువిచ్చి, ప్రవేశాన్ని అంగీకరించండి. ఫలితాలు ఇంకా ప్రకటింపబడలేదు గదా.