'సంతోషంగా ఉండమ్మా' అంటే సరిపోతుందా?

"మనసులో ఏమీ పెట్టుకోకమ్మా. తల్లి సంతోషంగా ఉంటేనే కడుపులో బిడ్డ బాగుంటుంది."

ఐదోనెలలో ఆస్పత్రికి వెళ్తే నా మనసుకి దొరికిన వైద్యం మొత్తం ఇదే. బరువు తూచారు, బీపీ చూశారు, రక్తం తీసుకున్నారు, ఐరన్ మాత్రలు రాశారు. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, ఇంట్లో ఎలా చూసుకుంటున్నారు అని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నా వెనక లైన్లో ఇంకా ఎంతోమంది కడుపులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

అప్పుడు మేం ఉప్పల్లో ఉండేవాళ్ళం. నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో నాది కాంట్రాక్టు పని. పొద్దున్నే వంట, షేర్ ఆటో, ఆపైన ఎనిమిది గంటలు నిలబడి చేసే పని. వేవిళ్ళతో వాంతి వచ్చినా బాత్రూముకి వెళ్ళాలంటే సూపర్‌వైజర్ మొహం చూడాలి. కడుపుతో ఉన్నానని తెలిస్తే 'రేపట్నుంచి రాకు' అంటారేమోనని నాలుగోనెల దాకా చున్నీ కప్పుకుని దాచాను. ఇంటికొస్తే ఊరికే ఏడుపొచ్చేది. అత్తమ్మ "గంత ఏడ్చుడెందుకే? మేం కనలేదా పిల్లల్ని?" అనేది. మా ఆయన చెడ్డవాడేం కాదు. "హార్మోన్లంట, అట్లనే ఉంటదంట" అని టీవీ వైపు తిరిగేవాడు. మొదటిది పాప. అందుకని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఈసారన్నా మొగపిల్లగాడు పుట్టాలె" అని దీవించి పోయేవాళ్ళు.

ఆరోనెలలో ఒక రాత్రి, నేను లేకపోతే అందరికీ హాయి కదా అనిపించింది. ఆ మాట పక్కింటి అక్కతో అన్నాను. ఆమె నాకు బోధ చెయ్యలేదు. ఆ రాత్రి వచ్చి నా పక్కన పడుకుంది. తెల్లారి నన్ను వెంటబెట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. అందుకే ఇవ్వాళ ఇది రాయగలుగుతున్నాను.

గర్భంతో ఉన్నప్పుడు మనసు ఎట్లా నిబ్బరం చేసుకోవాలో చెప్పే సలహాలకు మనకి కొదవలేదు. మంచి పాటలు వినాలి, దేవుణ్ణి తల్చుకోవాలి, కోపం తెచ్చుకోకూడదు... ఒక్క సలహా అయినా మొగుడికో, అత్తగారికో, మేనేజర్‌కో, డాక్టరుకో చెబుతుందా? చెప్పదు. మారాల్సిందల్లా ఆమే! ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని 'కోపింగ్' అంటారు. మన ఇళ్ళల్లో దానికి ఎప్పట్నుంచో ఒక పేరుంది - సర్దుకుపోవడం. పైగా సంతోషంగా లేకపోతే బిడ్డకి అన్యాయం చేసినట్టట. అంటే ఆమె దుఃఖానికి అపరాధ భావన కూడా తోడు చేస్తున్నాం.

హార్మోన్ల సంగతి అబద్ధం కాదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ బాగా పెరుగుతాయి. మొదటి నెలల్లో నిద్రమత్తు, వాంతులు, చిరాకు, కారణం లేకుండా కన్నీళ్ళు చాలామందికి వస్తాయి, పోతాయి. కానీ రెండు వారాలైనా దిగులు వదలకపోతే, తిండి సయించకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, చావు ఆలోచనలు వస్తే అది 'అట్లనే ఉంటది' అని వదిలేసేది కాదు. అది జబ్బు. దానికి వైద్యం ఉంది. చావు ఆలోచన వస్తే రెండు వారాలు చూడకూడదు, ఆ రోజే వెళ్ళాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో గర్భిణుల్లో నూటికి దాదాపు 10 మంది, ప్రసవించిన వాళ్ళలో 13 మంది మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడతారు. వర్ధమాన దేశాల్లో ఇది గర్భంలో 15.6, ప్రసవం తర్వాత 19.8 శాతం. హార్మోన్లే కారణమైతే పేద దేశాల్లో ఎక్కువెందుకుండాలి? ఇక్కడి ఆడవాళ్ళ ఒంట్లో వేరే హార్మోన్లున్నాయా? తేడా ఒంట్లో లేదు. అప్పుల్లో, తన్నుల్లో, ఎప్పుడు పోతుందో తెలియని ఉద్యోగంలో, ఆడపిల్ల పుడుతుందేమోనన్న భయంలో ఉంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2005 గృహహింస చట్టం పిల్లలు లేరనీ, మగపిల్లవాడు లేడనీ స్త్రీని అవమానించడాన్ని మానసిక హింస కింద పేరుపెట్టి మరీ చెప్పింది. 'దీవెన' పేరుతో మొదలయ్యే మాట ఎత్తిపొడుపుగా మారితే అది చట్టం దృష్టిలో హింసే. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలోని 12 వారాల సెలవును 2017లో 26 వారాలు చేశారు. రెండు కంటే తక్కువ మంది పిల్లలున్న తల్లికే ఇది వర్తిస్తుంది. గర్భం వల్ల జబ్బు చేస్తే వైద్యుడి ధ్రువపత్రంతో ఇంకో నెల జీతంతో కూడిన సెలవు కూడా ఆ చట్టంలో ఉంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఈ నియమాలు వచ్చాయి. ఆ జబ్బు ఒంటికే రావాలని ఎక్కడా రాసిలేదు. మరి డిప్రెషన్‌కి ఆ సెలవు అడిగిన వాళ్ళు మన ఎరుకలో ఎంతమంది? అసలు ఈ సెలవు రావాలంటే కాన్పుకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. కాంట్రాక్టరు నెలకో పేరు మీద హాజరు రాస్తుంటే ఆ 80 రోజులు ఎవరి దగ్గర రుజువు చేసుకోవాలి? ఇంట్లో కూర్చుని పీసు లెక్కన పనిచేసే వాళ్ళ మాటేమిటి?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. వైద్యశాలలో చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా విడదీయకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. 'పిచ్చిదని ముద్ర వేస్తే బిడ్డను లాక్కుంటారు' అని భయపడే ప్రతి తల్లికీ ఈ సంగతి తెలియాలి.

అడగడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. గడిచిన వారం రోజుల్లో మనసు ఎలా ఉందని అడుగుతాయి. గర్భిణులకూ వాడతారు. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికి భోజనం, గుడ్డు, పాలు పెట్టడం మొదలుపెట్టారు. గుడ్లు లెక్కపెట్టగలిగిన ప్రభుత్వానికి పది ప్రశ్నలు అడిగించడం కష్టమా? అయితే ఆశా కార్యకర్త నెత్తిన ఇంకో రిజిస్టరు పడేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఆమెకి శిక్షణ, దానికి తగ్గ డబ్బు ఇవ్వాలి. ఆమె పంపిన మనిషిని చూసే వైద్యుడు అందుబాటులో ఉండాలి.

మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. 1980ల్లో నెట్-ఎన్ ఇంజక్షన్లకు వ్యతిరేకంగా హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1991లో 'సవాలక్ష సందేహాలు' మన శరీరాల గురించి మన భాషలో మాట్లాడింది. గర్భాన్ని రాజకీయ విషయం చేసిన ఉద్యమం మనది. మరి గర్భిణి మనసును మాత్రం పూజారికో, టీవీలో సలహాలిచ్చే వాళ్ళకో ఎందుకు వదిలేశాం? మా బస్తీ మీటింగుల్లో కూడా కన్నీళ్ళు పెట్టుకున్న చూలాలికి "ధైర్యంగా ఉండు చెల్లీ" అనే చెప్పి పంపించాం. నేనే చెప్పాను, నాదాకా వచ్చేవరకు.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్‌లలో పనిచేసే మనం కొన్ని పనులు మొదలుపెట్టవచ్చు. గర్భిణుల పరీక్షల రోజు మనసు గురించి కూడా అడగాలని ప్రతి ఆస్పత్రిలో, బస్తీ దవాఖానాలో పట్టుబట్టాలి. గర్భిణిని పనిలోంచి తీసేసిన ప్రతి సంఘటననూ రాసిపెట్టి కార్మిక శాఖ ముందుంచాలి. మన మీటింగులకి భర్తల్నీ, అత్తల్నీ కూడా పిలవాలి. 2022లో మొదలైన టెలీ-మానస్ నంబరు 14416 ప్రతి అంగన్‌వాడీ గోడ మీదా రాయాలి. మందులు వాడుతున్న గర్భిణిని భయపెట్టి మాన్పించే వాళ్ళకి, డాక్టరుని అడక్కుండా ఆపకూడదని గట్టిగా చెప్పాలి.

నాకు రెండోసారి కూడా పాపే పుట్టింది. మేమిద్దరం బాగున్నాం. కానీ అందరికీ పక్కింటి అక్క దొరకదు. దొరికితే బతకడం, దొరక్కపోతే లేదు అన్నది అదృష్టమవుతుంది గానీ హక్కు కాదు. మనం అడుగుతున్నది హక్కు.