మా జీపును బాగుచేద్దాం, మార్చొద్దు

శ్రీశైలం డ్యాం కట్టే రోజుల్లో మా సున్నిపెంటలో జీపంటే ఇంజనీర్ల బండి. మా మామయ్య ఆ జీపులు నడిపిన డ్రైవరు. రిటైరయ్యాక అలాంటిదే 1972 మోడల్ మహీంద్రా జీపు కొనుక్కున్నారు. ఆయన పోయాక ఆరేళ్లుగా అది రేకుల షెడ్డులోనే పడి ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని మా ఆయన, మా అబ్బాయి పూనుకున్నారు. నాకూ సంతోషమే. గొడవంతా ఎలా ఎక్కించాలన్న దగ్గరే.

మా అబ్బాయి అమెరికా వాళ్ల వీడియోలు చూస్తాడు. 1964 పాంటియాక్ జీటీఓ లాంటి పాత మజిల్ కార్లను విప్పేసి, కొత్త ఇంజన్లు బిగించి ఉరికిస్తుంటారు. మనమూ డీజిల్ ఇంజన్ వేద్దాం, వెడల్పు టైర్లు వేసి ఎత్తు పెంచుదాం అంటాడు. కానీ ఫ్యాక్టరీలో బిగించిన ఇంజన్ అలాగే ఉన్న కారుకే, అంటే నంబర్లు కలిసిన కారుకే అక్కడ విలువెక్కువ. ఆ మాట మాత్రం వాడి చెవికెక్కలేదు.

మన జీపు పుట్టిల్లూ అమెరికానే. విల్లీస్ కంపెనీ 1953లో సీజే-3బి తెచ్చింది. మహీంద్రా వాళ్లు దాన్నే ఇక్కడ ఏళ్ల తరబడి తయారుచేశారు. దాని ముక్కు అంత ఎత్తుగా ఎందుకుంటుందో తెలుసా? హరికేన్ అనే ఆ పెట్రోలు ఇంజన్ పొడుగు. అది పట్టడానికే బానెట్ ఎత్తు పెంచారు. ఆ ఇంజనే తీసేస్తే ఇక ఆ ముక్కు ఎందుకు?

ఎత్తు పెంచిన బండి మలుపుల్లో తిరగబడే ప్రమాదమూ పెరుగుతుంది. మాకు దోర్నాల పోవాలంటే ఘాటు రోడ్డే గతి. పైగా మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. "జేజి ఎట్లా ఎక్కుతుందిరా?" అంటే, "స్టూలు వేద్దాంలేమ్మా" అన్నాడు. మామయ్య పక్క సీట్లో అన్నేళ్లు తిరిగిన మనిషి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

చట్టమూ ఉంది. కంపెనీ ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కావాలి. 2021లో వింటేజ్ బండ్లకు నిబంధనలొచ్చాయి. 50 ఏళ్లు దాటినా, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చేసిన బండికి ఆ గుర్తింపు రాదు.

అన్నిటికీ అడ్డం పడుతున్నానని అనుకోకండి. బ్రేకులు బాగుచేయించండి, వైరింగు మొత్తం మార్చండి, సీటు బెల్టులు పెట్టించండి అని నేనే చెప్పాను. ప్రాణాలు కాపాడే ఖర్చు దుబారా కాదు. ఉన్నదాన్ని నిలబెట్టడం బాగుచేయడం. మన సరదా కోసం దాన్ని ఇంకోటి చేయడం బాగుచేయడం కాదు.

బండ్ల సంగతి మగవాళ్లదని మనం తప్పుకుంటాం. డబ్బు ఇంటిది, ఎక్కేది ఇంటిల్లిపాది. అందుకే మీ ఇంట్లో పాత స్కూటరైనా సరే, విప్పకముందే అడగండి: ఎంతవుతుంది, ఆర్సీలో ఉన్నదానికి సరిపోతుందా, ఎవరెవరు ఎక్కగలరు?

ప్రస్తుతం మా ఇంజన్ నంద్యాలలో మేస్త్రీ దగ్గరుంది, కొత్తది కాదు, పాతదే. అబ్బాయి ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. అత్తమ్మ మాత్రం రోజూ అడుగుతోంది, "ఇంజన్ వచ్చిందా?" అని.