జంటయాట చిన్నయాటయా?

టెన్నిసు క్రీడలో ఇరువురు జట్టుకట్టి ఆడు జంటయాటను గూర్చి మన దేశమున ఒక చిన్నచూపు వేళ్లూని యున్నది. ఒంటరిగా నెగ్గజాలనివారే జంటగా ఆడుదురనియు, అందలి గెలుపు సగము గెలుపే యనియు చెప్పువారు క్లబ్బులలోనే కాదు, పత్రికలలోను కలరు. సానియా మీర్జా పేరెత్తగానే "ఆమె గెలుపులన్నియు డబుల్సులోనివే గదా" యని పెదవి విరచుట వారికి పరిపాటి. ఈ మాట అజ్ఞానమువలన పుట్టినది, అన్యాయమును పెంచుచున్నది, మా రాయలసీమవంటి ఎండిన సీమలకు నష్టమును గూడ కలిగించుచున్నది. కావున దీనిని ఉపేక్షింప వీలులేదు.

మొదట నిజములను చూతము. 1986లో జన్మించి, హైదరాబాదులో పెరిగి, అచ్చటనే ఆట నేర్చిన సానియా 2003లో వింబుల్డనున బాలికల జంటపోటీని రష్యా బాలిక అలీసా క్లెబనోవాతో కూడి గెలిచెను. 2005లో తన ఊరనే జరిగిన అంతర్జాతీయ పోటీలో ఒంటరియాటను నెగ్గి, మహిళల టూరులో సింగిల్సు బిరుదు పొందిన తొలి భారతీయురాలాయెను. 2007లో సింగిల్సునందు ప్రపంచమున 27వ స్థానమునకు చేరెను. మన దేశపు స్త్రీలలో ఆ మెట్టు నెక్కినవారు ఆమెకు ముందు లేరు, తరువాతను లేరు. ఇట్టి క్రీడాకారిణి ఒంటరియాట చేతగాక జంటయాటకు పోయెనని యెట్లనవచ్చును? 2008లో ఆమె మణికట్టుకు శస్త్రచికిత్స జరిగెను. దేహము తాళలేదని తెలిసిన పిమ్మట 2013లో ఒంటరియాటను విడిచి, తన శక్తినంతయు జంటయాటపై నిలిపెను. అది ఓటమి కాదు. తన బలమెచ్చట కలదో ఎరిగి, దానికి తగిన చేనును ఎన్నుకొన్న వివేకము.

ఆ చేనిలో పండిన పంట యెట్టిదో చూడుడు. 2009లో ఆస్ట్రేలియా, 2012లో ఫ్రాన్సు మిశ్రమ జంటపోటీలను మహేశ్ భూపతితోను, 2014లో అమెరికా మిశ్రమ పోటీని బ్రెజిలు దేశీయుడగు బ్రూనో సోరెస్‌తోను గెలిచెను. స్విట్జర్లండుకు చెందిన మార్టినా హింగిస్‌తో జతకట్టి 2015లో వింబుల్డనును, అమెరికాను, 2016లో ఆస్ట్రేలియాను గెలిచెను. 2015 ఏప్రిలు 13న మహిళల డబుల్సులో ప్రపంచమున మొదటి స్థానమును పొందిన తొలి భారతీయురాలై, మొత్తము 91 వారములు ఆ పీఠమున నిలిచెను. హింగిస్‌తో కలిసి వరుసగా 41 ఆటలు ఓటమి లేక గెలిచెను. టూరునందలి ఆమె జంటయాట బిరుదులు 43. 2018లో తల్లియై, 2020లో తిరిగి వచ్చి హోబర్టు పోటీని గెలిచి, తన చివరి గ్రాండు స్లాము పోటీ యైన 2023 ఆస్ట్రేలియాలో రోహన్ బోపన్నతో మిశ్రమ జంటయాట తుదిపోరువరకు వచ్చి, ఆ ఫిబ్రవరిలో రాకెట్టును దించెను. దీనినంతయు సగము గెలుపు అనువారు పూర్తి గెలుపని దేనినందురో మాకు తెలియదు.

2015 వింబుల్డను తుదిపోరును మరచినవారు మరల తలచుకొనవలెను. ఎదుట నిలిచినవారు రష్యా జంట మకరోవా, వెస్నినా. తొలి సెట్టు 5-7గా పోయెను. రెండవది 7-6గా దక్కెను. మూడవ సెట్టులో 2-5గా వెనుకబడిరి. ఒక్క గేము పోయినచో అంతయు ముగియును. అట్టి స్థితినుండి 5-5కు వచ్చిరి, చీకటి పడగా మైదానపు పైకప్పును మూసి దీపములు వెలిగించి ఆట సాగించిరి, 7-5గా గెలిచిరి. అచ్చట ఒకరి ధైర్యము సడలినచో రెండవవారి ధైర్యమును ఈడ్చుకొని పోయెడిది. ఇరువురి గుండెలు ఒక్కమారు నిలిచిననే గాని ఆ గెలుపు లేదు.

జంటయాట సులభమనువారు కొలతలనైనను తెలిసికొనిరా? కోర్టు పొడవు 78 అడుగులు. ఒంటరియాటకు వెడల్పు 27 అడుగులు. జంటయాటకు ఇరుప్రక్కల నాలుగున్నర అడుగుల చొప్పున చేరి 36 అడుగులు. నేల మూడవ వంతు పెరుగును, ఆడువారు రెట్టింపగుదురు. కావున ఎదుటివారి మధ్య ఖాళీ తగ్గును, కాలము కుదించుకొని పోవును. సర్వీసును తిప్పికొట్టువాని యెదుట వలయొద్ద ఒకడు పొంచి యుండును. బంతి రవ్వంత ఎత్తున పోయిన చాలును, దానిని అడ్డగించి నేలకు కొట్టును. అందుచేత బంతి వలను తాకీ తాకనట్లు దాటి, ముందుకు వచ్చువాని కాళ్లకడ పడవలెను. సర్వీసుకు ముందు వలచెంత నిలిచినవాడు వీపు వెనుక వ్రేళ్లతో సంజ్ఞ చేయును: నేను అడ్డముగా దూకెదను, నీవు నా చోటును కాయుము. ఒకడు కదలి రెండవవాడు కదలనిచో ఆ ఖాళీ శత్రువుకు వాకిలి యగును. సానియా బలిమి ఆమె ఫోర్‌హాండు దెబ్బ. హింగిస్ నేర్పు వలచెంత. ఒకరు గోడను బద్దలుకొట్ట, రెండవవారు ఆ కంతనుండి దూరిరి. జోడెద్దులు దున్నిన చేనిలో ఏ యెద్దు ఎంత దున్నెనని కొలువబూనువాడు సేద్యగాడు కాడు.

ఒంటరియాట కఠినము కాదని మేమనుట లేదు. అయిదు సెట్లు ఒక్కడే ఎండలో నిలిచి పోరాడుట వీరకృత్యమే. ఒంటరియాటలోని మేటులలో పలువురు జంటపోటీలకు రారనుటయు నిజమే. అయినను వారు రాకపోవుట ఆ విద్య తక్కువదగుటకు సాక్ష్యము కాజాలదు. సొమ్ము ఎచ్చట కలదో వారచ్చటికి పోవుచున్నారు. 2015 వింబుల్డనున సింగిల్సు విజేతకు 18 లక్షల 80 వేల పౌండ్లు ఇచ్చిరి. అదే మైదానమున, అదే వారమున గెలిచిన సానియా హింగిస్‌ల జంటకు 3 లక్షల 40 వేలు. అనగా మనిషికి 1 లక్షా 70 వేలు, పదునొకండవ వంతు. జీతము తగ్గించి, పిమ్మట "జీతము తక్కువ గావున పని తక్కువ" యనుట ఏ లోకపు న్యాయము? టెలివిజనుకు అనుకూలముగా నుండవలెనని 2006నాటినుండి పురుషుల టూరులో మూడవ సెట్టునే తీసివేసి పది పాయింట్ల టై బ్రేకు పెట్టిరి. ఆటను కత్తిరించినవారే "చిన్న ఆట" యని నవ్వుచున్నారు.

ఈ నవ్వుకు 2025 ఆగస్టులో తగిన ప్రత్యుత్తరము దొరకెను. అమెరికా పోటీ నిర్వాహకులు మిశ్రమ జంటయాటను పదునారు జంటలకు కుదించి, రెండు దినములలో ముగించునట్లు చేసి, సింగిల్సు ర్యాంకులను బట్టి సగము చోట్లను పంచి, విజేతలకు పది లక్షల డాలర్లు ప్రకటించిరి. జంటయాటనే వృత్తిగా చేసికొన్నవారికి తలుపులు మూసికొని పోయెను. అంతకు ముందటి యేటి విజేతలైన ఇటలీ జంట సారా ఎరాని, ఆండ్రియా వావసోరి మాత్రము ఆహ్వానముపై ప్రవేశించి, సింగిల్సు మేటులైన ష్వియాంటెక్, రూడ్‌ల జంటను తుదిపోరున ఓడించి బిరుదును నిలుపుకొనిరి. ఏ విద్యను లేదనిరో ఆ విద్యయే గెలిచినది. ఇంకను వాదమేల?

విదేశపు నిర్వాహకుల సంగతి యటుండనిండు. మన దేశము తన జంటయాట క్రీడాకారిణిని గౌరవించిన తీరెట్టిది? 2005లో ఒక మతపెద్ద ఆమె దుస్తులను ఆక్షేపించెను. 2012 జూనులో ఆమె భూపతితో కూడి ఫ్రాన్సు పోటీని గెలిచి కొలదివారములైన గడువకముందే, అఖిలభారత టెన్నిసు సంఘము లండను ఒలింపిక్సుకై పురుషుల తగవును తీర్చబోయి, ఆ గెలిచిన జంటను విడదీసి, ఆమెను లియాండర్ పేస్‌కు జతచేసెను. ఒక ఆటగాని అలుక తీర్చుటకు తన్ను ఎరగా వాడిరని ఆమె బహిరంగముగానే ప్రకటించెను. ఆ ప్రకటనలో తప్పేమున్నది? జంటయాటలో జంటయే ప్రాణము. ఆ ప్రాణమును బేరపు సరుకుగా చేసి పతకము కొరకు ఎదురుచూచిరి. పతకము రాలేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వము ఆమెను రాష్ట్రమునకు ప్రచారకర్తగా నియమింపగా, పొరుగుదేశపు కోడలికి ఈ పదవియేమి యని ఒక శాసనసభ్యుడు ప్రశ్నించెను. ఆ సంవత్సరముననే, కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన ఆసియా క్రీడలలో ఆమె విశాఖపట్టణపు యువకుడు సాకేత్ మైనేనితో జతకట్టి ఈ దేశపు జెండాకే బంగారు పతకమును తెచ్చెను. ఒకడు ఆమె వస్త్రమును కొలిచెను. ఒకడు ఆమె వివాహమును కొలిచెను. ఆటను కొలిచినవా డెవడు? దేశాభిమానమనగా దేశముకొరకు చెమటోడ్చినవారిని గుర్తించుట. నోటితో జెండా నెత్తువారికంటె చేతితో నెత్తినవారు పెద్దలని మా నిశ్చయము.

జంటయాట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. హైదరాబాదు యువకుడు విష్ణువర్ధన్ 2010 ఆసియా క్రీడలలో సానియాతో వెండి పతకము గెలిచి, 2012లో ఒలింపిక్సున ఆడెను. సాకేత్ మైనేని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రామ్‌కుమార్ రామనాథన్‌తో వెండి పతకము తెచ్చెను. హైదరాబాదుకే చెందిన రిత్విక్ చౌదరి బొల్లిపల్లి 2024లో అల్మాటీ పోటీని అర్జున్ కాఢేతోను, 2025లో చిలీ పోటీని కొలంబియా దేశీయుడు బారియెంటోస్‌తోను గెలిచెను. ఇన్ని పేర్లు గల విద్యను చిన్నదనుట మన పంటను మనమే తాలు అనుట.

మా సీమకు వత్తము. కర్నూలుకు చెందిన షేక్ జాఫ్రీన్, పృథ్వీ శేఖర్‌తో కూడి 2022 మే మాసమున బ్రెజిలు దేశమునందలి కాషియస్ దొ సుల్ నగరమున జరిగిన బధిరుల ఒలింపిక్సులో మిశ్రమ జంటయాటకు కాంస్యపతకము గెలిచెను. ఆ పోటీలలో వినికిడి యంత్రములను ధరించి ఆడరాదు. బంతి తీగెలకు తగిలిన చప్పుడును బట్టియే దెబ్బ వేగమును పసిగట్టుట వినగలవారి అలవాటు. ఆ సాయము బధిరులకు లేదు. "నాది", "నీది" యని కేకవేసి చెప్పుకొను వీలును లేదు. కన్నులే చెవులు, వ్రేళ్లే మాటలు. జంటయాటకు మూలమైన పరస్పరావగాహన మనగానేమో తెలిసికొనగోరువారు దూరదేశములకు పోనక్కరలేదు. కర్నూలువైపు చూచిన చాలును. ఆమె పేరు ఈ సీమలోని బడిపిల్లలలో ఎందరికి తెలియును? క్రికెట్టులో పదునొకండవ ఆటగాని పేరు తెలిసిన మన బిడ్డలకు ఈమె పేరు నేర్పనిది ఎవరి లోపము?

మేము రాయచోటినుండి వ్రాయుచున్నాము. వీరభద్రస్వామి గుడి యున్న ఊరు. వేరుసెనగ వానకొరకు ఎదురుచూచు ఊరు. వాన రానిచో కువైట్టుకు కూలికి పోవు ఊరు. 2022లో దీనిని అన్నమయ్య జిల్లాకు కేంద్రముగా చేసిరి. అట్టి చోట టెన్నిసు మాట యేల యని నవ్వువారికి మేము లెక్కతోనే జవాబు చెప్పెదము. క్రికెట్టు మైదానమునకు మూడు నాలుగెకరముల నేల కావలెను. టెన్నిసు కోర్టుకు చుట్టునున్న ఖాళీతో సహా 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు చాలును. అనగా 17 సెంట్లకు మించదు. మట్టికోర్టుకు నిత్యము నీరు చల్లవలెను. త్రాగునీటికే కరువైన చోట అది తగదు. సిమెంటు కోర్టుకు నీటితో పనిలేదు. ఆ ఒక్క కోర్టుపై ఒంటరియాట ఆడినచో ఇద్దరు బిడ్డలు ఆడి, ఇద్దరు కంచె వెలుపల నిలుచుందురు. జంటయాట ఆడినచో నలుగురును లోపలనే యుందురు. నేలయు, సొమ్మును కొరతయైన సీమకు ఇంతకంటె అనువైన ఆట యేది?

ఈ ఆటలో వయస్సు త్వరగా మీరిపోదు. బోపన్న 43 యేండ్ల ప్రాయమున, 2024 జనవరిలో, డబుల్సునందు ప్రపంచమున మొదటి స్థానమును పొందెను. పేదయింటి బిడ్డకు ఆలస్యముగా రాకెట్టు దొరకినను ఆశ చావనక్కరలేదని దీనివలన తేలుచున్నది.

అయినను నేడు మన చిన్న పట్టణములలో టెన్నిసు కోర్టన్నచో తరచుగా అధికారుల క్లబ్బు ఆవరణయే. సాయంకాలము నలుగురు పెద్దలు వచ్చి ఆడి పోవుదురు. తక్కిన దినమంతయు గేటుకు తాళము. ఇనుపకంచె బయట నిలిచి చూచు బిడ్డకు బంతి ఏరి ఇచ్చుటయే పని. ప్రజల సొమ్ముతో, ప్రజల నేలపై వేసిన కోర్టును ప్రజల బిడ్డలకు మూసియుంచుట దొరతనపు అలవాటు. దొరలు పోయినను తాళము పోలేదు. ఈ తాళములను తీయుడని మేము అధికారులను అడుగుచున్నాము. బడి విడిచిన వేళనుండి దీపములు పెట్టువేళవరకు కోర్టు బిడ్డలది కావలెను. తాలూకా కేంద్రములైన ఊళ్లన్నిటను ఉన్నత పాఠశాల ఆవరణలో ఒక్క సిమెంటు కోర్టు, నాలుగు రాకెట్లు, నేర్పగల ఒక వ్యాయామోపాధ్యాయుడు: ఇంతకుమించి మేము కోరుట లేదు. బధిరుల పాఠశాలలకు మొదటి వంతు ఇవ్వవలెను. కర్నూలు బిడ్డ గెలిచిన పతకము ఆ హక్కును సంపాదించి పెట్టినది.

ఇక జంటయాటను చిన్నచూపు చూచు పండితులకు ఒక్క మాట. మన పల్లెలలో కపిలబావి తోలినను, కాడి కట్టినను, తిరగలి త్రిప్పినను ఇద్దరి చేతిమీదుగానే జరిగినవి. అందుచేత ఆ పని సగమైన పని యని మన పెద్దలెవ్వరును అనలేదు. తోడుతో చేసిన పనిని తక్కువగా నెంచుట మనది కాని బుద్ధి. దానిని విడిచి, ఈ సీమ బిడ్డల చేతికి రాకెట్టు నిండు. తోడును వారే వెదకుకొందురు.