గ్రూమింగ్‌కి పంపితే కుక్కకు గుండు కొట్టి పంపారా? రీల్ పెట్టే ముందు చేయాల్సిన పనులివే.. బోర్డర్ ఊళ్ల వాళ్లకు చట్టంలో ఓ వెసులుబాటు

ముద్దుగా పెంచుకున్న కుక్కను గ్రూమింగ్‌కి తీసుకెళ్తే గుర్తుపట్టలేనట్టు చేసి ఇచ్చారా? వెంటనే ఫోన్ తీసి రీల్ చేయాలనిపిస్తుంది. కానీ ఆ కోపంలో చాలామంది అసలు విషయం మర్చిపోతున్నారు. చెడింది అందమా, ఒంటికి దెబ్బా, లేక చెప్పిన మాటా? ఈ మూడింటికీ చేయాల్సిన పనులు వేరు. ముఖ్యంగా మొదటి 48 గంటలు చాలా కీలకం.

ఎర్రుపాలెం టు విజయవాడ.. మా ఇంట్లో జరిగిందే

ఇది ఎక్కడో జరిగిన కథ కాదు, మా పిన్ని ఇంట్లో జరిగిందే. వాళ్లది ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం. జిల్లా తెలంగాణలో ఉన్నా, ఆసుపత్రికైనా షాపింగ్‌కైనా ఆ చుట్టుపక్కల వాళ్లు ఎక్కువగా వెళ్లేది విజయవాడకే. ఖమ్మం కంటే అదే దగ్గర. అందుకే పింకీని కూడా అక్కడికే తీసుకెళ్లారు. పింకీ అంటే వాళ్ల తెల్ల పొమేరియన్.

అది ఏప్రిల్ నెల. ఎండలు మండిపోతున్నాయి. "బాబూ, ఎండలు ఎక్కువున్నాయి, కొంచెం తగ్గించు" అని పిన్ని చెప్పింది. రెండు గంటల తర్వాత బయటికొచ్చిన పింకీని చూసి ఆమెకు నోట మాట రాలేదు. తల, తోక తప్ప ఒళ్లంతా గుండే. పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. తమ్ముడు అక్కడికక్కడే వీడియో తీసి, షాపు పేరుతో సహా స్టేటస్ పెట్టేశాడు. కోపంలో బిల్లు కూడా అక్కడే పడేసి వచ్చారు.

ఆ హడావుడిలో ఎవరూ చూడని విషయం ఒకటుంది. పింకీ పొట్ట కింద ఎర్రగా కందిపోయి ఉంది. రాత్రంతా అది అక్కడే నాకుతూ కూర్చుంది. పొద్దున్నకి చర్మం చెమ్మగిల్లి పుండు పడింది. డాక్టర్ దగ్గరికి వెళ్తే, క్లిప్పర్ బ్లేడు వేడెక్కి కాలిన గాయమని చెప్పారు.

షాపుకి ఫోన్ చేస్తే వచ్చిన సమాధానం ఒక్కటే.. "ఎండలకు తీసేయమన్నది మీరే కదమ్మా!" నిజం చెప్పాలంటే ఇందులో ఇద్దరి మాటా సగం సగం కరెక్టే. పిన్ని "కొంచెం" అంది. ఆ కొంచెం ఎంతో ఇద్దరూ మాట్లాడుకోలేదు. కానీ పొట్ట కింద కాలిన గాయానికి ఆ సమాధానం సరిపోదు.

ముందు తేల్చుకోవాల్సింది.. చెడింది ఏంటి?

గ్రూమింగ్ మీద అసంతృప్తి అంతా ఒకటే కాదు. దాన్ని మూడు రకాలుగా విడదీసి చూడాలి.

ఒకటి, చూడటానికి బాగోలేకపోవడం. ఎగుడుదిగుడు కత్తిరింపు, ఒక చెవి దగ్గర ఎక్కువ, ఇంకో చెవి దగ్గర తక్కువ లాంటివి. షిట్జూ లాంటి జాతుల్లో జుట్టు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. దీనికి ఉచితంగా సరిచేయించుకోవడమో, కొంత డబ్బు వెనక్కి అడగడమో సరిపోతుంది.

రెండు, అడిగింది ఒకటి, చేసింది ఇంకొకటి. స్నానం, గోళ్లు మాత్రమే అని చెబితే గుండు కొట్టడం ఈ కోవలోకి వస్తుంది. ఇక్కడ మీరు ముందు ఏం చెప్పారో చూపించగలగాలి.

మూడు, ఒంటికి హాని. తెగడం, కాలడం, గోరు చిట్లడం, చెవి వాపు, వేడి దెబ్బ. ఇక్కడ మొదట వెళ్లాల్సింది షాపుతో గొడవకి కాదు, పశువైద్యుడి దగ్గరికి.

ఎండాకాలం గుండు.. మంచిదేనా?

ఖమ్మం, కొత్తగూడెం వైపు ఎండలు ఎలా ఉంటాయో కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే వేసవి రాగానే చాలామంది కుక్కకు బొచ్చు తీయిస్తే చల్లగా ఉంటుందనుకుంటారు. మనకు గుండు కొట్టించుకుంటే హాయిగా ఉంటుంది కాబట్టి కుక్కకూ అంతే అన్నది లెక్క. కానీ కుక్క ఒళ్లు మనలా పనిచేయదు.

కుక్కలు మనలా ఒళ్లంతా చెమట పట్టించుకుని చల్లబడవు. నాలుక బయటపెట్టి రొప్పడమే వాటి ప్రధాన మార్గం. చెమట పట్టేది పాదాల మెత్తల దగ్గర కొద్దిగా మాత్రమే. పొమేరియన్, స్పిట్జ్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, హస్కీ లాంటి జాతులకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన గరుకు పొర, లోపల దూదిలాంటి మెత్తటి పొర. లోపలి పొరలో ఊడిన బొచ్చును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుకుంటుంది. మొత్తం గొరిగేస్తే ఆ రక్షణ పోతుంది, తెల్ల కుక్కలకు చర్మం కమిలిపోతుంది కూడా. అన్నట్టు, మన ఊళ్లలో పొమేరియన్ అని పిలిచే చాలా కుక్కలు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లే. వాటికీ ఇదే వర్తిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి కుక్కల్లో కొన్నింటికి గొరిగిన చోట బొచ్చు సరిగా తిరిగి రాదు. కొన్నింటికి నెలలు పడుతుంది, కొన్నింటికి ఏడాది దాటుతుంది, వచ్చినా రంగు, మెత్తదనం మారిపోవచ్చు. కాబట్టి పని తెలిసిన గ్రూమర్ అయితే ఓనర్ అడిగినా సరే, "ఈ జాతికి వద్దండీ, దువ్వి పలచన చేస్తా" అని చెప్పాలి. మా పిన్ని విషయంలో ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు.

గుండు తప్పని సందర్భం ఒకటుంది

అయితే ప్రతి గుండూ గ్రూమర్ తప్పు కాదు. నెలల తరబడి దువ్వకపోతే బొచ్చు జడలు కట్టి, చర్మానికి అట్టలా అతుక్కుపోతుంది. కింద గోమార్లు, పుండ్లు ఉన్నా పైకి కనిపించవు. ఆ జడలను దువ్వెనతో లాగి విడదీయడమంటే కుక్కకు నరకమే. పొట్టిగా గొరిగేయడమే దానికి తక్కువ బాధ. అలాంటప్పుడు కింద ఎర్రటి చర్మమో పాత పుండో బయటపడితే ఆ నింద గ్రూమర్ మీద వేయడం న్యాయం కాదు. కానీ పని మొదలుపెట్టే ముందే ఆ జడలను ఓనర్‌కు చూపించి, ఒప్పుకున్నాకే మెషిన్ పట్టుకోవాల్సిన బాధ్యత మాత్రం గ్రూమర్‌దే.

మొదటి 48 గంటల్లో ఏం చూడాలి?

షాపులోంచి బయటికి రాకముందే వెలుతురులో కుక్కను మొత్తం తడిమి చూడండి. చంకలు, పొట్ట, తొడల మధ్య, చెవుల లోపల, తోక కింద.. ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. చాలాసేపు ఆపకుండా వాడితే క్లిప్పర్ బ్లేడు వేడెక్కుతుంది, చర్మం పలచగా ఉన్న చోట కాలుతుంది. ఎరుపు కొన్ని గంటల తర్వాత గానీ తెలియకపోవచ్చు.

గోరు లోపల రక్తనాళం తెగి రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. ఇంట్లో ఉన్న కార్న్ ఫ్లోర్ అద్దినా చిన్న రక్తస్రావం ఆగుతుంది. ఆగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. కాలిన చోట పసుపు, కొబ్బరినూనె రాయడం మనకు అలవాటు. కుక్క దాన్ని నాకుతూ గాయాన్ని ఇంకా పెద్దది చేసుకుంటుంది. నాకకుండా మెడకు గరాటు లాంటి కాలర్ వేసి, మందు డాక్టర్ చెప్పిందే వాడాలి.

తల అదే పనిగా విదిలిస్తున్నా, చెవి గోక్కుంటున్నా లోపలికి నీళ్లు వెళ్లాయేమో, ఇన్ఫెక్షన్ మొదలైందేమో చూపించుకోవాలి. ఇక అన్నిటికంటే తక్కువమందికి తెలిసిన ప్రమాదం ఇంకోటుంది. స్నానం చేయించిన ఒకటి రెండు రోజులకు కుక్క నలతగా పడుకుని, జ్వరంతో, వీపు ముట్టుకుంటే అరుస్తుంటే ఆలస్యం చేయొద్దు. నీళ్లు కలిపి రోజుల తరబడి నిల్వ ఉంచిన షాంపూలో పెరిగే బ్యాక్టీరియా, రుద్దినప్పుడు వెంట్రుకల మొదళ్లలోకి చేరి ఇలాంటి తీవ్రమైన ఇన్ఫెక్షన్ తెస్తుంది. పైకి పుండ్లు కనపడకముందే నొప్పి మొదలవుతుంది.

పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలను వేడి గాలి డ్రైయర్ పెట్టిన బోనులో వదిలేస్తే వేడి దెబ్బ తగలొచ్చు. ఆగకుండా రొప్పడం, చొంగ కారడం, తూలడం కనిపిస్తే ఒంటిని మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మరో విషయం. కుక్క కరుస్తోందని గ్రూమరే మత్తు ఇంజెక్షన్ ఇచ్చాడంటే అది చిన్న విషయం కాదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేయాల్సింది రిజిస్టర్డ్ పశువైద్యులే.

ఆధారాలు లేకపోతే మాట నిలబడదు

మా పిన్ని వాళ్లు చేసిన పెద్ద పొరపాటు బిల్లు పడేయడం. బిల్లు, యూపీఐ పేమెంట్ స్క్రీన్‌షాట్, వెళ్లే ముందు ఫొటో, వచ్చాక ఫొటో, డాక్టర్ రాసిన చీటీ, మందుల బిల్లులు.. ఇవన్నీ ఒకచోట పెట్టుకోవాలి. చీటీలో గాయం ఎక్కడ, ఎలాంటిది, దేనివల్ల అయి ఉండొచ్చు అన్నది రాయమని డాక్టర్‌ని అడగండి. ఆ తర్వాత షాపు ఓనర్‌తో మాట్లాడండి, మాట్లాడిన విషయం వాట్సాప్‌లో కూడా పెట్టండి. "మీరు పాడుచేశారు" అనడం కంటే "ఫలానా రోజు ఇంత కట్టాను, పొట్ట మీద ఈ గాయమైంది, వైద్యానికి ఇంత ఖర్చయింది, అది ఇవ్వండి" అని రాస్తే పని అవుతుంది. చాలా గొడవలు ఇక్కడే తేలిపోతాయి.

షాపు ఆంధ్రాలో, ఇల్లు తెలంగాణలో.. కేసు ఎక్కడ?

బోర్డర్ ఊళ్ల వాళ్లకు వచ్చే అసలు డౌట్ ఇదే. రాష్ట్రం మారింది కదా, దీనికోసం విజయవాడ చుట్టూ ఎవరు తిరుగుతారని వదిలేస్తుంటారు. కానీ ఆ అవసరం లేదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 34వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదు చేసేవాళ్లు తాము నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అంటే షాపు విజయవాడలో ఉన్నా, ఎర్రుపాలెం వాసి ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు.

డబ్బు తీసుకుని చేసిన గ్రూమింగ్ కూడా ఈ చట్టం కింద సేవే. అందులో నిర్లక్ష్యం ఉంటే సేవాలోపం. కట్టిన ఫీజు వెనక్కి ఇప్పించడం, జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించడం కమిషన్ చేతిలో పని. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు కోర్టు ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. లాయర్ కచ్చితంగా ఉండాలన్న రూల్ కూడా లేదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. పూర్తి ఉచితంగా చేసిన సేవకు మాత్రం ఈ చట్టం వర్తించదు.

కేసు దాకా వెళ్లే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, షాపుతో మాట్లాడి పరిష్కారానికి ప్రయత్నిస్తారు. ఆన్‌లైన్‌లో కేసు వేయాలంటే ఈ-జాగృతి పోర్టల్ ఉంది.

లైసెన్స్ ఎవరిస్తున్నారు?

అసలు సమస్య మూలం ఇక్కడుంది. పెంపుడు జంతువులు అమ్మే షాపులకు 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. కానీ గ్రూమింగ్ పనికి ఇంత శిక్షణ ఉండాలి, ఈ పరీక్ష పాసవ్వాలి అనే ప్రత్యేక లైసెన్స్ విధానం లేదు. మెషిన్, టేబుల్, డ్రైయర్ ఉంటే చాలు, బోర్డు పెట్టేయొచ్చు.

కావాలని కొట్టి హింసిస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. కానీ 11వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు! చంపినా, అవయవం పోయేలా చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని థానేలో ఓ పెట్ క్లినిక్ సిబ్బంది చౌచౌ కుక్కను కొట్టిన వీడియో వైరలయ్యాకే పోలీసులు కేసు పెట్టారు. అంటే వీడియోకి విలువ లేదని కాదు. అది హింసకు నేరుగా సాక్ష్యం. మా తమ్ముడి స్టేటస్‌లో ఉన్నది మాత్రం గుండు, కోపం. గాయం అందులో లేనే లేదు.

అందుకే రీల్ పెట్టాలనుకుంటే జరిగింది జరిగినట్టు, తేదీతో, ఆధారాలతో చెప్పండి. "కుక్కల్ని చంపేస్తున్నారు" లాంటి మాటలు పరువు నష్టం కేసుగా తిరిగి మీ మెడకే చుట్టుకోవచ్చు. ఆ షాపులో జీతానికి పనిచేసే కుర్రాడి ముఖం లక్షల మందికి చూపించే ముందు, శిక్షణ ఇవ్వకుండా అతని చేతికి మెషిన్ ఇచ్చింది ఎవరో కూడా ఆలోచించాలి.

చివరికి పింకీకి ఏమైంది?

తమ్ముడు స్టేటస్ తీసేశాడు. పేమెంట్ స్క్రీన్‌షాట్, డాక్టర్ చీటీ వాట్సాప్‌లో పంపాడు. రెండు రోజుల తర్వాత షాపు ఓనర్ ఫీజు, మందుల ఖర్చు వెనక్కి ఇచ్చాడు. పుండు రెండు వారాల్లో మానింది. బొచ్చు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు, నడుము దగ్గర పలచగానే ఉంది. పిన్ని ఇప్పుడు మధ్యాహ్నం ఎండలో దాన్ని వాకిట్లోకి కూడా రానివ్వడం లేదు.

మొన్న మళ్లీ స్నానానికి తీసుకెళ్లింది, ఈసారి వేరే చోటికి. పింకీ ఫొటో చూపించి, "గోళ్లు, స్నానం, దువ్వడం.. మెషిన్ వద్దు" అని కాగితం మీద రాసి ఇచ్చింది. పని అయ్యేదాకా అద్దం బయటే కుర్చీ వేసుకుని కూర్చుంది.