చేపల ఫ్రై ఎక్కడ బాగుంటుంది? ముందు కడాయిలోకి చూడండి

కరీంనగర్‌కు చుట్టాలొస్తే అడిగే మాటల్లో ఇదొకటి: ఎల్ఎండీ దగ్గర చేపల ఫ్రై ఎక్కడ బాగుంటుంది? పోవద్దని నేను చెప్పను. మానేరు గాలికి, వేడివేడి చేప ముక్కకు సాటి వచ్చేది ఇంట్లో దొరకదు. కాకపోతే బండిని జనం గుంపును చూసి కాకుండా నూనెను చూసి ఎంచుకోండి.

మన దగ్గర చేపకు కొదవ లేదు. తేడా అంతా కడాయిలోనే. మధ్యాహ్నం పోసిన నూనెకే కొత్త నూనె కలుపుకుంటూ రాత్రి దాకా నడిపిస్తే, అడుగున మాడిన మసాలా పేరుకుంటుంది. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంది. అలా పాడైన నూనెలో పెరిగే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై 1 నుంచి దేశమంతటా నిబంధన ఉంది. కొలిచే పరికరం మీ దగ్గర ఉండదు; కళ్లు, ముక్కు చాలు. కళ్లు మండించే పొగ వస్తుంటే పక్క బండికి నడవండి. అక్కడ ఎంత రుచి ఉన్నా సరే.

‘చేపలు గుండెకు మంచివే కదా సార్’ అని ఓపీలో తరచూ వింటుంటాను. మంచివే. వారానికి రెండుసార్లు తినమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా చెబుతుంది. కానీ నూనెలో వేయించనివి, ఒక్కోసారి వండిన ముక్క 85 గ్రాములు. స్టెంట్ వేయించుకున్న పెద్దమనిషి నల్లటి నూనెలో దేవిన అరకిలో తిని దాన్ని గుండె ఖాతాలో రాసుకుంటే ఎట్లా? బీపీ ఉన్నవాళ్లు మసాలాలోని ఉప్పునూ లెక్కేసుకోవాలి.

నన్నడిగితే కొరమీను చెబుతాను. మన రాష్ట్ర చేప. గాలి పీల్చి బతకగలదు కాబట్టి తొట్టిలో ప్రాణంతోనే ఉంటుంది. మీ ముందే కోయించి, పెనం మీద కొద్ది నూనెతో కాల్పించుకోవచ్చు. ధర ఎక్కువే, తక్కువ తినండి. రవ్వ, బొచ్చె అయితే మసాలా పట్టించకముందు చూడండి: మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా ఉండాలి. పొద్దుటి నుంచి మసాలా పూసి పెట్టిన ముక్కలో తాజాదనం ఎవరికీ కనిపించదు. మరీ ఎర్రగా మెరుస్తుంటే రంగు కలిపారేమో అడగండి. కర్ణాటక 2024 జూన్‌లో చేప, చికెన్ కబాబుల్లో కృత్రిమ రంగులను నిషేధించింది.

మృగశిర కార్తె రోజు మాత్రం బండ్ల దగ్గరికి పోకపోవడమే మేలు. గిరాకీ అంత ఉన్నప్పుడు నూనె మార్చే తీరిక ఎవరికుంటుంది? ఆ ఒక్కరోజు ఇంట్లో పులుసు పెట్టుకోండి. ఆదిలాబాద్ వైపు కడెం ప్రాజెక్టు చూడటానికి పోయి దారిలో చేపలు తిన్నా ఈ మాటలన్నీ వర్తిస్తాయి.

వానాకాలంలో ముందే కోసిపెట్టిన పచ్చి ఉల్లిగడ్డ వద్దు. నిమ్మకాయ అప్పుడే కోయించుకోండి. వేడి ముక్కను వార్తాపత్రికలో పెట్టిస్తే, అది ఈ పత్రికే అయినా సరే, వద్దనండి. సిరా తిండికి అంటుతుంది.

పిల్లలకు సన్నముళ్లున్న రవ్వ, బొచ్చె కన్నా కొరమీనే నయం. గొంతులో ముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్దలు, అరటిపండు మింగించకండి, ఇంకా లోతుకు దిగుతుంది. నొప్పి తగ్గకపోయినా, మింగలేకపోయినా, ఉమ్మిలో రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఈఎన్‌టీ డాక్టర్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.