తర్కానికి ఇంగ్లిష్ ఒక్కటే భాషా?

రాయపూర్ జిల్లా అభన్‌పూర్ దగ్గర, ఉపర్‌వారా ఊళ్లో హిదాయతుల్లా నేషనల్ లా యూనివర్సిటీ ఉంది. చుట్టుపక్కల పిల్లలు ఇంట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు, సర్కారు బడిలో హిందీలో చదువుకుంటారు. ఆ గేటు లోపల డిగ్రీ చదవాలంటే మాత్రం క్లాట్ రాయాలి. అది పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉంటుంది. రాష్ట్ర కోటా ఉంది కదా అంటారు. కోటా సీటుకూ కావాల్సింది క్లాట్ ర్యాంకే.

ఇందులో లాజికల్ రీజనింగ్ అని ఒక భాగం. ప్రాక్టీస్ చేస్తే ఎవరికైనా వస్తుందని కోచింగ్ సెంటర్ల మాట. దేన్ని ప్రాక్టీస్ చేయాలి? 2020 నుంచి క్లాట్ ప్యాసేజీల పరీక్ష అయింది. ఇప్పుడు 120 ప్రశ్నలకు 120 నిమిషాలు. ప్యాసేజీలు చదివే సమయం కూడా అందులోదే. తప్పు రాస్తే పావు మార్కు కోత.

ఈ వాదనలో దాగిన ఊహ ఏది, దీన్ని బలహీనపరిచే వాక్యం ఏది అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే. లాయరుకు ఆ నేర్పు ఉండాలి. కానీ 'పని ఒకటే అయినప్పుడు ఆడవాళ్లకు కూలి ఎందుకు తగ్గించావు?' అని మేస్త్రీని నిలదీసే అమ్మాయి చేస్తున్నదీ అదే పని. ఆమెకు తర్కం తెలుసు. తెలియనిదల్లా ఇంగ్లిష్ పేరాను పరుగున చదవడం.

ఇప్పుడు మెరిట్ వాదుల వాదననే ఒక ప్రశ్నగా పెడదాం. 'లాజికల్ రీజనింగ్‌లో మార్కులు తక్కువ, కాబట్టి ఆలోచనా శక్తి తక్కువ.' ఇందులో దాగిన ఊహ ఏమిటి? ప్యాసేజీ అందరికీ ఒకేలా, ఒకే వేగంతో అర్థమవుతుందని. ఆ ఊహ పోతే వాదన మొత్తం కూలిపోతుంది. పైగా ఇంగ్లిష్‌ను కొలవడానికి క్లాట్‌లో వేరే భాగమే ఉంది. అక్కడ ఒకసారి కొలిచి, లాజిక్ పేరుతో, లీగల్ రీజనింగ్ పేరుతో, చివరికి లెక్కల పేరుతో మళ్లీ మళ్లీ కొలుస్తున్నారు. ఒకే లోటుకు ఇన్నిసార్లు జరిమానా వేసి దానికి ప్రతిభ అని పేరు పెట్టారు.

వేరే భాషల్లో కుదరదన్నది సాకు. నీట్, జేఈఈ మెయిన్ తెలుగుతో సహా 13 భాషల్లో జరుగుతున్నాయి. మన లాసెట్ ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్ పక్కనే తెలుగు ఉంటుంది. తెలుగులో నీట్ రాసి డాక్టర్ కాగల అమ్మాయి, హైదరాబాద్ నల్సార్‌లో గానీ విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో గానీ డిగ్రీ సీటు కోసం తెలుగులో పరీక్ష రాయలేదు. దేశ తొలి దళిత ముఖ్యమంత్రి పేరు బోర్డు మీద ఉంది, ఆయన భాష పరీక్షలో లేదు.

అంబేద్కరైట్లు ఇంగ్లిష్ కావాలంటారు కదా, మరి ఇదేమిటని కొందరు అడుగుతారు. అవును, కావాలి. హైకోర్టు, సుప్రీంకోర్టు భాష అదే. దాన్ని మా పిల్లలకు ఐదేళ్లలో నేర్పండి. నేర్పే బాధ్యత యూనివర్సిటీది. నేర్చుకుని వస్తేనే రానిస్తామనడం వేరు. బడిలో అంబేద్కర్‌ను సంస్కృతం చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. అప్పుడు భాషను దాచారు. ఇప్పుడు భాషను గేటు దగ్గర కాపలా పెట్టారు. రెండింటికీ బయట మిగిలింది ఒకే జనం.

కాబట్టి అడగాల్సింది స్పష్టం. ఇంగ్లిష్ భాగాన్ని ఇంగ్లిష్‌లోనే ఉంచండి. లాజిక్, లీగల్ రీజనింగ్, లెక్కలు, జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు భారతీయ భాషల్లోనూ ఇవ్వండి. చదివే సమయం పెంచండి. మొదటి ఏడాది ఇంగ్లిష్ శిక్షణను మొక్కుబడిగా కాకుండా జీతమిచ్చే టీచర్లతో నడపండి. యూనివర్సిటీల్లో ఉన్న మనం, విద్యార్థి సంఘాలు, అధ్యాపకులు, ఈ డిమాండ్‌ను రిజర్వేషన్ రోస్టర్ పోరాటంతో సమానంగా ఎత్తుకోవాలి. సీటు రిజర్వ్ చేసి, ర్యాంకు జాబితా దగ్గరే పిల్లల్ని ఆపేస్తే ఆ రిజర్వేషన్ కాగితం మీదే ఉంటుంది.