లాప్‌టాప్ కొంటున్నారా? డ్రైవర్ల సంగతి అడిగారా?

ఈ వారం అరకు లోయ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చూద్దాం. "మా అమ్మాయి విశాఖలో యానిమేషన్ కోర్సులో చేరింది. ధింసా ఆడేవాళ్ళ బొమ్మలు కంప్యూటర్లో గీసి కదిలిస్తుంది. గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కావాలంటోంది. దాని తమ్ముడికేమో ఆటల పిచ్చి. మావారు 'అది ఆటల మెషీను, డబ్బు దండగ' అంటున్నారు. తెలిసినవాళ్ళ దగ్గర జీటీఎక్స్ 1050 కార్డున్న పాతది 28 వేలకి వస్తోంది. కొత్తదానికి అంతకు మూడు రెట్లు చెబుతున్నారు. ఈ ఏడు కాఫీ పంట డబ్బంతా దీనికే పెట్టాలి. పాతది తీసేసుకోమంటారా?"

వద్దమ్మా!

ముందు మీవారి మాట చూద్దాం. ఆటల మెషీను వేరు, బొమ్మల మెషీను వేరు అనుకోనక్కర్లేదు. ఆటలో పరిగెత్తే గుర్రాన్ని తెర మీద చూపించేదీ, మీ అమ్మాయి గీసిన ధింసా వరసని కదిలించేదీ ఒకే గ్రాఫిక్స్ కార్డు. అబ్బాయి ఆడినంత మాత్రాన కార్డు అరిగిపోదు. పుస్తకాలు ఎప్పుడు తీస్తాడన్నది వేరే తగువు, అది మీ ఇంట్లోనే తేల్చుకోండి!

ఇక అసలు సంగతి. మిక్సీ మోటారు బ్రహ్మాండంగా తిరుగుతుంటుంది. కానీ ఆ మోడల్ జారు కింద వేసే కప్లర్ బజార్లో దొరకడం మానేసింది. ఏం చేస్తాం? అటకెక్కిస్తాం. లాప్‌టాప్‌లో ఆ కప్లర్ లాంటిదే డ్రైవర్. విండోస్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య దుబాసీగా ఉండే సాఫ్ట్‌వేర్ అది. విండోస్ మారినా, బొమ్మల సాఫ్ట్‌వేర్ మారినా, కొత్త ఆట వచ్చినా దుబాసీ కూడా కొత్త మాటలు నేర్చుకోవాలి. నేర్పేది కార్డు తయారుచేసిన కంపెనీ. అదెన్నాళ్ళు నేర్పుతుందో కొట్టువాడు చెప్పడు, మనం అడగం.

జీటీఎక్స్ 1050 కార్డు లాప్‌టాప్‌లలోకి వచ్చింది 2017లో. ఆ తరం కార్డులన్నిటికీ, అంటే 1050, 1060, 1070, 1080లకి, 2025 అక్టోబరుతో కొత్త ఆటల కోసం చేసే డ్రైవర్లు ఆపేస్తున్నట్టు ఎన్‌విడియా కంపెనీ ప్రకటించింది. ఆ పైన 2028 అక్టోబరు దాకా మూణ్ణెల్లకోసారి భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రమే ఇస్తానంది. ఇంకో దెబ్బ కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో 8వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లే పనికొస్తాయని నిబంధన. 1050 కార్డున్న లాప్‌టాప్‌లు చాలావాటిలో ఉన్నది 7వ తరం. అమ్మాయి కోర్సు పూర్తయ్యేలోగానే ఆ మెషీను అటకెక్కేలా ఉంది. ఆ 28 వేలు చౌక ఎలా అవుతాయి?

అందుకే కొత్తదే చూడండి. ఆర్‌టీఎక్స్ 4050 కార్డుకి 6 జీబీ సొంత మెమరీ ఉంటుంది, 4060కీ 5050కీ 8 జీబీ ఉంటుంది. చదువుకునే పిల్లకి 6తో పని జరుగుతుంది, డబ్బు కుదిరితే 8 మేలు. ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. తర్వాత పెంచుకునేందుకు లోపల చోటుందేమో అడగండి. కొన్నిట్లో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు. కొత్తది అస్సలు కుదరదంటే, 8వ తరం పైబడిన ప్రాసెసరూ, కనీసం జీటీఎక్స్ 1650 కార్డూ ఉన్న పాతదైతే సరే. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం పైసా పెట్టకండి. బ్లెండర్, క్రిటా ఉచితమే.

కొట్లో ఒక తిరకాసుంది. కార్డు పేరొకటే అయినా ఒక లాప్‌టాప్‌లో అది 45 వాట్ల మీద, మరోదాంట్లో 100 వాట్ల మీద నడవొచ్చు. ఒకే బర్నర్‌ని సిమ్‌లో పెట్టడం, పెద్ద మంటలో పెట్టడం అన్నమాట. స్టికర్ మీద అది ఉండదు. "ఈ మోడల్లో కార్డుకెన్ని వాట్లు?" అని అడగండి. నీళ్ళు నమిలితే కంపెనీ వెబ్‌సైటు తెరిచి చూపించమనండి.

చీర కొనేటప్పుడు ట్యూబులైటు కింద రంగు నమ్మం కదా, గుమ్మం దాకా తెచ్చి చూస్తాం. తెర విషయంలోనూ అంతే. ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం అని ఉంటేనే తీసుకోండి. రంగులు వెలిసిన తెర మీద గీసిన ఎర్ర చీర అచ్చులో ఏ రంగు తేలుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఆటలకైతే ఇది పెద్ద పట్టింపు కాదు, అందుకే చాలా ఆటల లాప్‌టాప్‌లలో తెర దగ్గరే పొదుపు చేస్తారు.

ఇప్పుడు కొండ మీద బతుకు సంగతి. విశాఖ మీకు 115 కిలోమీటర్ల దూరం. లాప్‌టాప్ పట్టుకుని ఘాట్ రోడ్డు దిగి ఎక్కితే ఒక రోజు కూలి పోయినట్టే. అందుకని ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉందా అని మాత్రమే కాదు, మీ పిన్‌కోడ్ చెప్పి "ఇక్కడికి వస్తారా?" అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.

డ్రైవర్ ఒక్కోటి ఏడెనిమిది వందల ఎంబీ ఉంటుంది. ఫోను సిగ్నలుతో దించుకోవడం మొదలుపెడితే సగంలో ఆగుతుంది. అమ్మాయి విశాఖ నుంచి వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చేసుకోవాలి. ఎన్‌విడియాలో 'గేమ్ రెడీ', 'స్టూడియో' అని రెండు రకాలుంటాయి. మొదటిది కొత్త ఆటల కోసం, రెండోది బొమ్మల సాఫ్ట్‌వేర్లతో సరిచూసింది. స్టూడియో వేయించండి, దాని మీద ఆటలూ ఆడతాయి. పాత డ్రైవర్ ఫైలు పారేయకండి. కొత్తది మొరాయిస్తే మళ్ళీ అదే దిక్కు. కాలేజీలో పని చూపించాల్సిన వారంలో మాత్రం ఏదీ మార్చకూడదు. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు లాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ పేరు మీదే దొరుకుతాయి. కొనకముందే ఆ పేజీ తెరిచి, రెండు మూడేళ్ళ కిందటి మోడళ్ళకి ఇంకా కొత్తవి పెడుతున్నారో లేదో తేదీలు చూడండి. పాత మోడళ్ళని గాలికొదిలేసిన కంపెనీ రేపు మీదీ వదిలేస్తుంది.

కరెంటు పోతే బ్యాటరీ ఉందిగా అనుకోకండి. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో నడవదు. బరువైన పని కరెంటున్నప్పుడే చేసుకోవాలి. బయోస్ అప్‌డేట్ అని అడిగితే మాత్రం బ్యాటరీ నిండుగా ఉండి, ఛార్జరూ పెట్టి ఉంటేనే ఊఁ అనమనండి, మధ్యలో ఆగితే మెషీను లేవకపోవచ్చు. చలికాలం రాత్రి బయటి నుంచి తెచ్చి పొయ్యి దగ్గర వెచ్చటి గదిలో పెట్టగానే ఆన్ చేయొద్దు. లోపల చెమ్మ పడుతుంది, ఓ గంట ఆగండి. దుప్పటి మీద పెట్టి ఆడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మన రొట్టెల పీట ఒకటి కిందికి ఇచ్చేయండి, సరిపోతుంది.